చెన్నై నుంచి సింగపూరుకు విమానంలో బొబ్బట్లు, గోంగూర: నాలుగు గంటల ప్రయాణంలో ఎలా పాడయ్యాయి?

ప్రశ్న: వేళచ్చేరి వంటిల్లు, చెన్నై

అందరికీ నమస్కారం. మాది ఒంగోలు దగ్గర పల్లెటూరు. 19 ఏళ్లుగా చెన్నైలో, వేళచ్చేరిలో ఉంటున్నాం. ఇద్దరు ఆడవాళ్లను సాయం పెట్టుకుని ఇంట్లోనే బొబ్బట్లు, పూర్ణం బూరెలు, కజ్జికాయలు చేసి చుట్టుపక్కల తెలుగు కుటుంబాలకు అమ్ముతున్నాను. ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ కూడా చేయించుకున్నాను. సింగపూరులో మా చెల్లెలు ఉంటున్న చోట పన్నెండు తెలుగు కుటుంబాలవారు ఈ ఉగాదికి నా బొబ్బట్లు కావాలని ముందుగానే డబ్బు పంపించారు. పనిలో పనిగా పచ్చి గోంగూర కూడా కొంచెం పెట్టమని చెల్లెలు అడిగింది.

బయటి కొలతల్లో 60 సెం.మీ. పొడవు, 40 వెడల్పు, 40 ఎత్తు, 5 సెం.మీ. మందం గోడలు ఉన్న థర్మోకోల్ పెట్టె కొన్నాను. అడుగున 3 కిలోల డ్రై ఐస్, దాని పక్కన తడిగుడ్డలో చుట్టిన కిలో గోంగూర, వాటిపైన ఇంటి డీప్ ఫ్రీజర్‌లో రెండు రాత్రులు గడ్డకట్టించిన 8 కిలోల బొబ్బట్లు సర్దాను. డ్రై ఐస్ సంగతి పెట్టె మీద రాయనక్కర్లేదని, రాస్తే లేనిపోని ప్రశ్నలు వస్తాయని కొరియర్ బుకింగ్ చేసిన మధ్యవర్తి చెప్పారు. కాగితాల్లో సరుకును ‘బహుమతి’ అని ఆయనే రాశారు. చల్లదనం బయటికి పోకూడదని మూత చుట్టూ మూడు వరసల టేపు బిగించాను. గురువారం సాయంత్రం 5 గంటలకు కట్టిన పెట్టె శనివారం మన లెక్కలో మధ్యాహ్నం 1 గంటకు, అక్కడి లెక్కలో 3:30కు, చెల్లెలి గుమ్మం చేరింది.

చెల్లెలు వీడియోలో చూపించింది. మూత మధ్యలో ఉబ్బి, టేపు సాగి తెల్లటి చారలు తేలి ఉంది. లోపల డ్రై ఐస్ ఆనవాలు కూడా లేదు. పైవరస బొబ్బట్లు ఒకదానికొకటి అతుక్కుపోయాయి, కవర్ల లోపల నీటి చుక్కలు నిలిచాయి, కొన్నిటి అంచుల నుంచి పూర్ణం జారింది. అడుగు వరస మాత్రం ఇంకా చల్లగా ఉందట. డ్రై ఐస్‌ను ఆనుకుని ఉన్న గోంగూర నల్లబడి, పట్టుకుంటే వేళ్ల మధ్య జారిపోయింది. పన్నెండు కుటుంబాలకూ డబ్బు వాపసు ఇచ్చేశాను. డబ్బు పోయినందుకు కాదు, పండగ పూట వాళ్ల ఇళ్లలో నా వల్ల లోటు జరిగినందుకు నాకు చాలా బాధగా ఉంది. విమానం ప్రయాణించేది నాలుగు గంటలే కదా, ఇదంతా ఎలా జరిగింది? ఈ పనిని పద్ధతిగా చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? తెలిసినవారు దయచేసి చెప్పండి.

జవాబు: మీనంబాక్కం విశ్రాంత ఉద్యోగి, చెన్నై

అమ్మా, నమస్కారం. నేను విమానాశ్రయం కార్గో కాంప్లెక్సు దగ్గర ఒక కస్టమ్స్ బ్రోకర్ ఆఫీసులో 27 ఏళ్లు పనిచేసి ఈ మధ్యే మానుకున్నాను. మీ ప్రశ్నలో మీరు రాసిన గంటల్లోనే జవాబు ఉంది. గురువారం 5 నుంచి శనివారం 1 దాకా 44 గంటలు. అందులో విమానం గాలిలో ఉన్నవి సుమారు నాలుగు. మిగిలిన 40 గంటలూ మీ పెట్టె నేల మీదే ఉంది: కొరియర్ వ్యానులో, వారి గోడౌన్‌లో, ఎక్స్‌రే తనిఖీ వరసలో, విమానం పక్కన ట్రాలీ మీద ఎండలో, అక్కడి కస్టమ్స్ దగ్గర, చివరికి మళ్లీ ఒక వ్యానులో. కొరియర్లు చాలావరకు సరుకును తమ ప్రధాన కేంద్రం ఉన్న వేరే నగరానికి చేర్చి అక్కడి నుంచి పంపుతారు కాబట్టి, మీ పెట్టె చెన్నై నుంచి నేరుగా సింగపూరు వెళ్లిందని కూడా అనుకోలేం. ఐసు లెక్క ఎప్పుడూ మీ ఇంట్లో మూత పడిన క్షణం నుంచి అవతల ఫ్రీజర్ తలుపు పడే దాకా వేయాలి. విమానం గంటలు ఆ లెక్కలో చిన్న ముక్క.

డ్రై ఐస్ అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్. అది మైనస్ 78.5 డిగ్రీల దగ్గర నీరు కాకుండా నేరుగా వాయువుగా మారిపోతుంది. మామూలు థర్మోకోల్ పెట్టెలో రోజుకు రెండు నుంచి నాలుగున్నర కిలోల దాకా ఇలా హరించుకుపోతుంది. మీరు పెట్టిన 3 కిలోలు శుక్రవారం సాయంత్రం నాటికే దాదాపు అయిపోయి ఉంటాయి. అక్కడి నుంచి శనివారం మధ్యాహ్నం వరకు బొబ్బట్లను కాపాడింది వాటిలో మిగిలిన చల్లదనం, ఆ థర్మోకోల్ గోడలు మాత్రమే.

ఇక మీకు చెప్పక తప్పని మాట ఒకటుంది. కష్టంగా తోస్తే మన్నించండి. డ్రై ఐస్ విమాన రవాణాలో ప్రమాదకర సరుకుల జాబితాలో ఉంది: దాని సంఖ్య యూఎన్ 1845, తరగతి 9. ఒక కిలో డ్రై ఐస్ కరిగితే 500 లీటర్లకు పైగా వాయువు వస్తుంది. మీరు మూడు వరసల టేపుతో దానికి దారి మూసేశారు. మూత ఉబ్బింది అందుకే. గట్టి ప్లాస్టిక్ డబ్బా అయి ఉంటే పగిలేది. ఆ వాయువు మూసి ఉన్న చోట పేరుకుంటే మనుషులకు ఊపిరాడదు. అదే అరలో కుక్కపిల్లో పక్షులో ప్రయాణిస్తుంటే వాటి ప్రాణానికే ముప్పు. ఏ విమానంలో మొత్తం ఎంత డ్రై ఐస్ ఎక్కించాలో విమాన సంస్థ లెక్కకట్టుకునేది అందరూ నిజం రాస్తారన్న నమ్మకంతోనే. రాయనక్కర్లేదని చెప్పిన మధ్యవర్తి మీకు చేసింది సాయం కాదమ్మా, మిమ్మల్ని నేరంలో భాగం చేశారు. ఆయన దగ్గరికి మళ్లీ వెళ్లకండి.

సరిగా చేస్తే ఇందులో కష్టమేమీ లేదు. పెట్టె మీద డ్రై ఐస్ అని, యూఎన్ 1845 అని, అందులో నికరంగా ఎన్ని కిలోలు ఉందో, పంపేవారి, అందుకునేవారి పేర్లు చిరునామాలతో సహా రాయాలి. తరగతి 9 లేబుల్, ఒక్కో వైపు కనీసం 100 మిల్లీమీటర్లు ఉన్నది, అంటించాలి. వాయువు బయటికి పోయేలా మూతను రెండు చోట్ల మాత్రమే టేపుతో పట్టి ఉంచాలి. అంతర్జాతీయ విమాన సంస్థల సంఘం (ఐఏటీఏ) నిబంధనల ప్రకారం ఒక్కో పెట్టెలో 200 కిలోల దాకా అనుమతి ఉంది కాబట్టి మీ ఐదారు కిలోలు పెద్ద విషయం కాదు. ప్రమాదం లేని ఆహారాన్ని చల్లబరచడానికే వాడుతుంటే పంపేవారి నుంచి విడిగా ప్రమాదకర సరుకుల ధ్రువపత్రం అవసరం లేదు, ఎయిర్‌వే బిల్లులో (విమాన సరుకు రవాణా పత్రంలో) వివరం రాస్తే సరిపోతుంది.

మీరు పెట్టిన ఖర్చు గురించి కూడా ఒక మాట. మీ పెట్టె 96,000 ఘన సెంటీమీటర్లు. ఎయిర్ కార్గోలో దాన్ని 6,000తో భాగిస్తారు, 16 కిలోలు వస్తుంది. కొరియర్లు సాధారణంగా 5,000తో భాగిస్తారు, 19.2 కిలోలు. అసలు బరువు, ఈ లెక్క రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే డబ్బు కట్టాలి. మీ పెట్టె అంతా కలిపి 14 కిలోలే ఉంటుంది కాబట్టి మీరు ఖాళీ చోటుకు డబ్బు కట్టారు. పైగా 5 సెం.మీ. గోడలు పోగా లోపల మిగిలేది 45 లీటర్లే, అంటే బయటి పరిమాణంలో సగం కూడా లేదు. గోడ పల్చన చేసుకోమని నేను చెప్పను, ఆ గోడలే సరుకును కాపాడతాయి. చిన్న పెట్టెలు నాలుగు పంపేకంటే పెద్దది ఒకటి పంపితే గోడలకు పోయే చోటు తగ్గుతుంది, చల్లదనమూ ఎక్కువసేపు నిలుస్తుంది.

అమ్మకానికి పంపే సరుకును బహుమతి అని రాయడం కూడా మానుకోండి. విదేశీ వాణిజ్య శాఖ డీజీఎఫ్‌టీ వెబ్‌సైటులో 500 రూపాయల రుసుముతో ఐఈసీ (ఎగుమతి, దిగుమతులకు కావలసిన కోడ్) తీసుకోండి. దాన్ని ఏటా ఏప్రిల్ నుంచి జూన్ ఆఖరు లోపు ఆన్‌లైన్‌లో ధ్రువీకరించాలి, మార్పులేమీ లేకపోయినా సరే. మరిచిపోతే అది నిలిచిపోతుంది, సరుకు గేటు దగ్గర ఉన్నప్పుడు ఆ సంగతి బయటపడుతుంది. మీ బ్యాంకు నుంచి ఏడీ కోడ్ (విదేశీ చెల్లింపులు అందుకునే బ్యాంకు శాఖ సంఖ్య) లేఖ తీసుకుని విమానాశ్రయం కస్టమ్స్ దగ్గర నమోదు చేయిస్తే, బ్రోకర్ మీ పేరిట షిప్పింగ్ బిల్లు (కస్టమ్స్‌కు ఇచ్చే ఎగుమతి పత్రం) వేయగలుగుతారు. అవతలి వైపు మీ చెల్లెలి ఇంటి చిరునామాకు అమ్మకపు సరుకు పంపడం కుదరదు. సింగపూరు ఫుడ్ ఏజెన్సీ దగ్గర నమోదైన దిగుమతిదారు ఉండాలి, ప్రతి సరుకుకూ ఆయన పర్మిట్ తీసుకోవాలి. సెరంగూన్ రోడ్డు ప్రాంతంలో మన సరుకులు తెప్పించే దుకాణదారులెవరినైనా మీ చెల్లెలు కలిసి మాట్లాడితే మంచిది.

అప్పుడు మీ రోజు ఇలా ఉంటుంది: మధ్యాహ్నం పెట్టె కట్టి, మూడింటికల్లా కార్గో కాంప్లెక్సులో అప్పగించి, కాగితాలు, తనిఖీ సాయంత్రానికి ముగించి, రాత్రి నేరు విమానం ఎక్కిస్తే తెల్లవారేసరికి సింగపూరు. దిగుమతిదారు పర్మిట్ ముందే సిద్ధం చేసుకుని ఉంటే మొత్తం 24 గంటల లోపు పని. ఎయిర్‌వే బిల్లులో గడ్డకట్టిన సరుకుకు ఎఫ్‌ఆర్‌ఓ, డ్రై ఐస్‌కు ఐసీఈ అనే సంకేతాలు పడ్డాయో లేదో మీ కళ్లతో చూసుకోండి. కార్గో సిబ్బంది ఆ మూడు అక్షరాలు చూసే పెట్టెను కోల్డ్ రూమ్‌లో పెట్టాలా, బయట వరసలో పెట్టాలా అన్నది నిర్ణయిస్తారు.

జవాబు: ఆహార సాంకేతిక విభాగం, బెంగళూరు

పెద్దాయన రవాణా సంగతి వివరంగా చెప్పారు. నేను బెంగళూరులో గడ్డకట్టించిన పిండివంటల తయారీలో పనిచేస్తున్నాను కాబట్టి పెట్టెలోకి వెళ్లక ముందు జరిగిన దాని గురించి చెబుతాను.

ఇంటి డీప్ ఫ్రీజర్ గడ్డకట్టిన వస్తువును అలాగే నిలిపి ఉంచడానికి తయారైనది. 8 కిలోల బొబ్బట్లను ఒకేసారి అందులో పెడితే మధ్యలో ఉన్నవి చాలా నెమ్మదిగా గడ్డకడతాయి. నెమ్మదిగా గడ్డకట్టినప్పుడు మంచు పలుకులు పెద్దవై పూర్ణంలోని తేమను విడదీస్తాయి, కరిగాక ఆ నీరే అంచుల నుంచి కారుతుంది. బ్లాస్ట్ ఫ్రీజర్‌లో మైనస్ 35 డిగ్రీల గాలిని వేగంగా వీస్తారు కాబట్టి పలుకులు సన్నగా ఉండిపోతాయి. కొత్తగా కొనడం భారం కాబట్టి, గంటల లెక్కన అద్దెకిచ్చే కోల్డ్ స్టోరేజీ ఎక్కడైనా ఉందేమో విచారించండి. అది దొరికేదాకా బొబ్బట్లను పూర్తిగా చల్లారనిచ్చి, మధ్యన బటర్ పేపర్ వేసి, పళ్లేల్లో ఒక్క వరసగా పరిచి, కొద్దికొద్దిగా ఫ్రీజర్‌లో పెట్టండి. వేడి పూర్తిగా పోకముందే కవర్‌లో వేస్తే ఆవిరి చుక్కలై, తర్వాత మంచుపొరగా మారుతుంది. ప్యాకెట్ మధ్యలో ఉన్న బొబ్బట్టు మైనస్ 18కి చేరిందని థర్మామీటరు గుచ్చి చూసుకున్నాకే పెట్టె కట్టాలి. డ్రై ఐస్ పని ఆ చల్లదనాన్ని నిలబెట్టడం. సగం గడ్డకట్టిన సరుకు పెడితే ఐసంతా దాన్ని గడ్డకట్టించడానికే ఖర్చైపోతుంది.

డ్రై ఐస్‌ను అడుగున పెట్టడం మీరు చేసిన మరో పొరపాటు. చల్లటి వాయువు బరువైనది, కిందికే దిగుతుంది. అందుకే మీ అడుగు వరస నిలిచింది, పైవరస కరిగింది. ఎక్కువ భాగాన్ని పైన, అట్టముక్క అడ్డం వేసి ఉంచండి.

ఇంకొక విషయం గుర్తుంచుకోండి. కరిగిన బొబ్బట్లను మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టి ఎవరికీ ఇవ్వకండి. శనగపప్పు పూర్ణంలో తేమ ఉంటుంది, పులుపు ఉండదు, సూక్ష్మజీవులకు అది అనుకూలమైన చోటు. పైగా పిండివంట రుచి చెడిపోయేది గడ్డకట్టినప్పుడు కంటే సున్నా నుంచి ఐదు డిగ్రీల మధ్య ఉన్నప్పుడే ఎక్కువ. పిండిలోని గంజి పదార్థం బిగుసుకుని పొర రబ్బరులా మారేది ఆ వేడిమి దగ్గరే. లేబుల్ మీద గోధుమ, పాలు (నెయ్యి వాడతారు కాబట్టి), జీడిపప్పు వేస్తే అది కూడా స్పష్టంగా రాయండి. అలర్జీ కలిగించే పదార్థాలను ప్రకటించడం సింగపూరు నిబంధనల్లో తప్పనిసరి.

వేళచ్చేరి వంటిల్లు, చెన్నై

మీ ఇద్దరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. డ్రై ఐస్ విషయంలో నేను చేసినది ఎంత ప్రమాదకరమో చదివాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఐఈసీకి దరఖాస్తు పెట్టాను. రెండు సందేహాలు మిగిలాయి. గోంగూరను కూడా అదే పెట్టెలో వేరే అరలో పెట్టవచ్చా? అమెరికాలో ఉన్న మా మరిది వేసవిలో బంగినపల్లి పండ్లు పంపమంటున్నారు. వాటికీ ఇదే పద్ధతి పనికొస్తుందా?

జవాబు: హోసకోటె ప్యాక్‌హౌస్, బెంగళూరు గ్రామీణ జిల్లా

అక్కా, నమస్తే. మాది చిత్తూరు జిల్లా. ఇక్కడ కొత్తిమీర, పచ్చిమిర్చి, మునక్కాయలు గల్ఫ్ దేశాలకు, సింగపూరుకు పంపే ప్యాక్‌హౌస్‌లో పన్నెండేళ్లుగా పనిచేస్తున్నాను. మా సరుకు దేవనహళ్లి విమానాశ్రయం నుంచి వెళ్తుంది.

గోంగూరను, గడ్డకట్టిన సరుకును ఎప్పుడూ ఒకే పెట్టెలో పెట్టకండి. గోంగూర కోసిన తర్వాత కూడా బతికే ఉంటుంది, ఊపిరి తీసుకుంటుంది, వేడి పుట్టిస్తుంది. డ్రై ఐస్ తగిలితే ఆకులోని నీరు గడ్డకట్టి కణాలు చిట్లుతాయి, కరిగాక మీరు చూసిన ఆ నల్లటి జిగురు మిగులుతుంది. తడిగుడ్డలో చుట్టడం కూడా ఆకుకు చెరుపే, తడి నిలిచిన చోట కుళ్లు మొదలవుతుంది. మేమైతే తెల్లవారుజామున ఎండ ఎక్కకముందు కోయిస్తాం, నీడలో ఆరబెట్టి, పొలం వేడి పోయేదాకా కోల్డ్ రూమ్‌లో ఉంచి, చిల్లులున్న కవర్లలో నిలువుగా సర్దుతాం. పైన జెల్ ప్యాకులు పెట్టి, ఆకుకు అవి తగలకుండా మధ్యన అట్ట వేస్తాం. కోయంబేడు మార్కెట్‌లో మధ్యాహ్నం కొన్న గోంగూర ఎంత పచ్చగా కనిపించినా దాని ఆయుష్షులో సగం అప్పటికే అయిపోయి ఉంటుంది. వీలైతే తిరువళ్లూరు వైపు రైతుతో ముందే మాట్లాడుకుని ఆ ఉదయం కోసినదే తెప్పించుకోండి. పండిన మామిడి, అరటి దగ్గర మాత్రం ఆకును ఉంచకండి, వాటి నుంచి వచ్చే ఇథిలీన్ వాయువుకు ఆకు పసుపెక్కిపోతుంది. ఇన్వాయిస్‌లో గోంగూర అని ఒక కాగితంలో, పుళిచ్చకీరై అని ఇంకో కాగితంలో ఉంటే తనిఖీలో ఆపుతారు. అన్నిటిలో హైబిస్కస్ సబ్డారిఫా అనే శాస్త్రీయ నామం ఒకేలా రాయించండి.

అమెరికాకు మామిడి పూర్తిగా వేరే కథ. అక్కడ భయమంతా పండుఈగ, టెంక పురుగు లాంటి వాటి గురించి. 2007లో మన మామిడిని రానిచ్చినప్పుడు పెట్టిన షరతు ప్రకారం ప్రతి పండుకూ కనీసం 400 గ్రేల (గ్రే అంటే వికిరణాన్ని కొలిచే ప్రమాణం) వికిరణం ఇవ్వాలి, అదీ వాళ్ల వ్యవసాయ శాఖ ఆమోదించిన కేంద్రంలోనే. బెంగళూరు పక్కన మాలూరులో అలాంటి కేంద్రం ఒకటి ఉంది. ఇంట్లో కట్టిన పెట్టె ఎంత మంచి పండ్లతో వెళ్లినా విమానాశ్రయంలోనే నాశనం చేస్తారు. 2014 మే నెలలో ఐరోపా సమాఖ్య మన మామిడిని, వాటితోపాటు వంకాయ, కాకర, పొట్లకాయ, చేమను నిషేధించింది కూడా సరుకులో పురుగు దొరికినందుకే. మామిడి మీద నిషేధం 2015 జనవరిలో తొలగే దాకా ఇక్కడి రైతులు పడిన అవస్థ మేం కళ్లారా చూశాం. కాబట్టి మీ మరిది గారిని అక్కడ దిగుమతిదారుల దగ్గరే కొనుక్కోమనండి. పచ్చి కరివేపాకు కూడా ఆయనకు పంపకండి, నిమ్మజాతి చెట్లకు తెగులు మోసే పురుగు దాని మీద ఉంటుందని అమెరికా రానివ్వదు. సింగపూరుకు మామిడి పంపే రోజు వస్తే డ్రై ఐస్ దగ్గరికి కూడా రానీయకండి. పచ్చిగా ఉన్న కాయ 12 డిగ్రీల కంటే బాగా కిందికి వెళ్తే తొక్క మీద మచ్చలు పడి, తర్వాత సరిగా పండదు.

జవాబు: మీనంబాక్కం విశ్రాంత ఉద్యోగి, చెన్నై

అమ్మా, పెద్ద సరుకు పంపే ముందు ఒక పెట్టెలో చిన్న డేటా లాగర్ పెట్టి పరీక్షగా పంపండి. ప్రతి పది నిమిషాలకు లోపలి ఉష్ణోగ్రత అందులో నమోదవుతుంది. ఎక్కడ తప్పు జరిగిందని ఎవరినీ అడగనక్కర్లేదు, గీతే చెబుతుంది. అందులో లిథియం బ్యాటరీ ఉంటుంది కాబట్టి ఫార్వర్డర్‌కు (సరుకు పంపే ఏజెంటుకు) ముందే తెలియజేయండి. ఆ ఊరికే ఎవరైనా బంధువు ప్రయాణం చేస్తుంటే, విమాన సంస్థ అనుమతితో ఒక్కో ప్రయాణికుడు సామానులో 2.5 కిలోల దాకా డ్రై ఐస్ తీసుకెళ్లవచ్చు. అమ్మకానికి కాకుండా మీ చెల్లెలి ఇంటికి మాత్రం పంపుకునేటప్పుడు ఆ దారి చూడండి.

వేళచ్చేరి వంటిల్లు, చెన్నై (మూడు నెలల తర్వాత)

మీ అందరికీ ఫలితం చెప్పాలని రాస్తున్నాను. ఐఈసీ, ఏడీ కోడ్ పూర్తయ్యాయి. చెల్లెలు మాట్లాడిన దుకాణదారు దిగుమతికి ఒప్పుకున్నారు. మొన్న బుధవారం 10 కిలోల బొబ్బట్లు, పైన 6 కిలోల డ్రై ఐస్, పైవరస ప్యాకెట్ల మధ్య లాగర్ పెట్టి పంపాను. పెట్టె మీద అంకెలు నేనే రాశాను, లేబుల్ నేనే అంటించాను. మధ్యాహ్నం 2కు కట్టిన పెట్టె మరునాడు మధ్యాహ్నం 1కి దుకాణంలో తెరిచారు. 23 గంటలు, ఇంకా రెండు కిలోలకు పైగా డ్రై ఐస్ మిగిలి ఉంది.

చెల్లెలు లాగర్ గీతను ఫోటో తీసి పంపింది. ఆ 23 గంటల్లో ఒక్కసారి కూడా మైనస్ 18 దాటలేదు. గీత నిటారుగా పైకి లేచింది చివర్లో, దుకాణం లోపలే. పెట్టె తెరిచి, ప్యాకెట్లు బయట పరిచి, కుటుంబాలవారీగా లెక్కపెట్టి, ఫ్రీజర్‌లో సర్దేసరికి నలభై నిమిషాలు పట్టిందట. అప్పటికి మైనస్ 11కు వచ్చింది. వచ్చే పెట్టెలో ఇక్కడే ఆరు చొప్పున ప్యాకెట్లను ఒక కట్టగా కట్టి, కట్ట మీద కుటుంబం సంఖ్య పెద్ద అక్షరాలతో రాసి పంపుతున్నాను. దుకాణంలో లెక్కపెట్టే పని లేకుండా కట్టలను నేరుగా ఫ్రీజర్‌లో పెట్టేస్తారు.